మంచు అడవిలో బలవంతపు ల్యాండింగ్: బతికి బయటపడ్డవారి చరిత్ర

చలికాలంలో మనుషులు లేని అడవుల మీదుగా ఎగిరే చిన్న విమానం ఉన్నట్టుండి నేలకు దిగాల్సి వచ్చినప్పుడు, అందులోనివారు సహాయం అందేదాకా ప్రాణాలు ఎలా నిలుపుకొన్నారన్నది ఈ వ్యాస విషయం. అలా దిగాల్సి రావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఇంజిన్ ఆగిపోతుంది, ఇంధనం అయిపోతుంది, రెక్కల మీద మంచు గడ్డకట్టి బరువెక్కుతుంది, తుఫానులో దారి తప్పుతుంది. ఈ చరిత్రలో ఎక్కువ భాగం కెనడా ఉత్తర ప్రాంతాల్లో, అలాస్కాలో, అమెరికా పడమటి కొండల్లో జరిగింది. రోడ్లు లేని ఆ ఊళ్లకు ఉత్తరాలు, మందులు, సరుకులు చేరవేసే చిన్న విమానాల పైలట్లను అక్కడ ‘బుష్ పైలట్లు’ అంటారు. తొలి పాఠాలన్నీ వాళ్లు నేర్చుకున్నవే.

ఈ సంఘటనలను వరుసగా చదివితే ఒక విషయం మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. విమానం నేలను తాకిన క్షణంలో బతికినవారు చాలామందే. గాయాలతో, ఆకలితో వారాల తరబడి ప్రాణం నిలుపుకొన్నవారూ ఉన్నారు. వాళ్లు ఎక్కడున్నారో వెతికేవారికి తెలియకపోవడమే వాళ్లను ఎక్కువగా బలిగొంది. అందుకే ఈ చరిత్ర చలితో చేసిన పోరాటంతో మొదలై, ఒక చిన్న రేడియో పెట్టె దాకా సాగుతుంది.

తొలి దశ: 1929, 1930

1929 సెప్టెంబరులో కల్నల్ మెకాల్పైన్ నాయకత్వంలో ఖనిజాల అన్వేషణకు వెళ్లిన ఎనిమిది మంది బృందం రెండు విమానాలతో ఆర్కిటిక్ తీరంలో క్వీన్ మాడ్ గల్ఫ్ దగ్గర దిగిపోయింది. ఇంధనం నిండుకుంది. గమ్యమైన కేంబ్రిడ్జ్ బే సముద్రానికి అవతల ఉంది. పడవ లేదు. నీరు గడ్డకట్టేదాకా నడిచే దారీ లేదు. వాళ్ల కోసం కెనడాలో అప్పటికి కనీవినీ ఎరుగనంత పెద్ద గాలింపు జరిగింది. చలికాలం ముంచుకొస్తున్న వేళ వెతకబోయిన విమానాలే కొన్ని దెబ్బతిన్నాయి. బృందం ప్రాణాలు నిలబెట్టింది మాత్రం అక్కడి ఇనుయిట్ కుటుంబాలు. తమ దగ్గరున్న తిండి పంచి ఇచ్చారు, దుస్తులు ఇచ్చారు, సముద్రం గట్టిపడ్డాక మంచు మీదుగా దారి చూపి నడిపించారు. నవంబరు మొదట్లో అందరూ కేంబ్రిడ్జ్ బే చేరారు. వాళ్లు బతికే ఉన్నారన్న కబురు అక్కడి వైర్‌లెస్ ద్వారానే బయటి లోకానికి తెలిసింది. ఆనాటి పత్రికలు పైలట్ల సాహసం గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. ఇనుయిట్ల పేర్లు వాటిలో అరుదుగా కనిపిస్తాయి. ఆ లోటు ఈ చరిత్ర రాసే ప్రతివారూ గుర్తుంచుకోవలసినది.

మరుసటి ఏడు అక్టోబరులో ప్యాడీ బర్క్ అనే పైలట్ ఇద్దరు సహచరులతో యూకాన్ సరిహద్దుల్లో లియార్డ్ నది మీద దిగాడు. విమానం దెబ్బతింది. కొన్ని రోజులు ఎదురుచూసి ముగ్గురూ నడక మొదలుపెట్టారు. లోతైన మంచులో, చాలీచాలని తిండితో సాగిన ఆ నడకలో బర్క్ నవంబరు 20న చనిపోయాడు. మిగిలిన ఇద్దరినీ డిసెంబరులో ఎవరెట్ వాసన్ అనే పైలట్, జో వాల్ష్ అనే దారి ఎరిగిన మనిషి కలిసి కనుక్కున్నారు. బర్క్‌ను వెతకడానికి సియాటిల్ నుంచి బయల్దేరిన రెనహాన్ అనే పైలట్ మాత్రం తనవాళ్లతో సహా తిరిగి రాలేదు. విమానాన్ని వదిలి నడవకూడదన్న సూత్రానికి ఉత్తరాదిలో ఇలాంటి మరణాలే పునాది వేశాయి. పైనుంచి చూసే కంటికి విమానం కనబడినట్టు మనిషి కనబడడు.

చలి ఏం చేస్తుంది

చలికాలపు అడవిలో ముందుగా ప్రాణం తీసేది ఆకలి కాదు. ఒళ్లు వేడెక్కే వేగం కన్నా చల్లబడే వేగం ఎక్కువైనప్పుడు, శరీరం లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగజారితే దాన్ని వైద్యులు అల్పోష్ణత అంటారు. మొదట వణుకు పుడుతుంది, తర్వాత చేతులు పట్టు తప్పుతాయి, ఆ పైన ఆలోచనే మందగిస్తుంది. అగ్గిపుల్ల గీయడం చేతకాని స్థితి వచ్చేసరికి, గీయాలన్న తెలివి కూడా సన్నగిల్లుతుంది. తడి బట్టలు, గాలి ఈ పతనాన్ని వేగిరం చేస్తాయి.

విమానం ఉంది కదా, అందులోనే తలదాచుకోవచ్చు అనిపిస్తుంది. నిజానికి లోహపు డొల్ల వేడిని నిలవనివ్వదు. గాలిని ఆపుతుంది గానీ రాత్రికి లోపల కూడా బయటంత చలి అవుతుంది. కొమ్మలు పరిచి, మంచు తవ్వి చేసుకున్న చిన్న గూడు అంతకన్నా వెచ్చన. మంచులో చిక్కుకున్న గాలి వేడిని బయటికి పోనివ్వదు. దాహానికి మంచును అలాగే తినడం పొరపాటు. ఒక లీటరు నీటికి సరిపడా మంచును కరిగించి ఒంటి వేడికి తేవడానికి శరీరం సుమారు 120 కిలోకేలరీలు ఖర్చు పెట్టాలి. తిండి లేని మనిషికి అది చిన్న మొత్తం కాదు. కాబట్టి నిప్పు, నిప్పు మీద మంచు కరిగించే ఏదో ఒక డబ్బా బతుకుకు మూలం.

దిగడంలోనూ ఒక విద్య ఉంది. 1942 జనవరిలో అలాస్కాకు వెళ్తున్న మూడు అమెరికన్ బి-26 బాంబర్లు దారి తప్పి, వాట్సన్ లేక్‌కు దూరంగా ఒక లోయలో దిగాయి. మొదటిది చక్రాలు దించి దిగి మంచులో దెబ్బతింటే, అది చూసిన మిగతా రెండూ చక్రాలు లోపలే ఉంచి పొట్ట మీద జారాయి. అందరూ బతికారు, రస్ బేకర్ అనే బుష్ పైలట్ వాళ్లను బయటికి చేర్చాడు. ఆ చోటుకు మిలియన్ డాలర్ వ్యాలీ అన్న పేరు పడింది. లోతైన మంచులో చక్రం కూరుకుంటే విమానం తలకిందులవుతుంది. చెట్ల మధ్య దిగక తప్పకపోతే, దెబ్బను రెక్కలు తినేలా రెండు మానుల నడుమకు గురిపెట్టాలని పైలట్లకు నేర్పుతారు.

నలభై తొమ్మిది రోజులు

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువగా గుర్తుండిపోయినవారు రాల్ఫ్ ఫ్లోరెస్, హెలెన్ క్లాబెన్. ఆయన కాలిఫోర్నియాకు చెందిన 42 ఏళ్ల మెకానిక్, పైలట్. ఆమె న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పెరిగిన 21 ఏళ్ల యువతి. అలాస్కా వదిలి బయల్దేరిన ఆమె, ప్రయాణ ఖర్చు పంచుకుంటూ ఆయన విమానంలో చోటు తీసుకుంది. 1963 ఫిబ్రవరి 4న యూకాన్‌లోని వైట్‌హార్స్ నుంచి ఒంటి ఇంజిన్ హోవర్డ్ విమానంలో బయల్దేరారు. మంచు తుఫానులో దారి తప్పి, చెట్లు నిండిన కొండ వాలును ఢీకొన్నారు.

ఆయనకు దవడ, పక్కటెముకలు విరిగాయి. ఆమెకు చెయ్యి విరిగింది, కాలు నలిగింది. బయట చలి సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా. తుపాకీ లేదు, పరుపు సంచులు లేవు, గొడ్డలి లేదు. ఉన్నది కొన్ని చేపల డబ్బాలు, పండ్ల డబ్బాలు, బిస్కెట్లు. కొద్దికొద్దిగా తిన్నా అవి తొలి పది రోజుల్లో దాదాపు అయిపోయాయి. ఆ తర్వాత టూత్‌పేస్ట్ కూడా నాలుక మీద పెట్టుకున్నారు. మిగిలిన రోజులన్నీ కరిగించిన మంచు నీళ్లే ఆహారం. మార్మన్ మతం స్వీకరించిన ఫ్లోరెస్‌కు ప్రార్థన ఆధారం. యూదు కుటుంబంలో పుట్టిన క్లాబెన్ తన నమ్మకం తాను నిలుపుకుంటూనే బైబిల్ చదివింది. ఇద్దరి మధ్య వాదనలు జరిగాయి, ఒకరి మీద ఒకరికి విసుగూ వచ్చింది. అయినా నిప్పు ఆరిపోనివ్వలేదు.

గాలింపు విమానాలు వాళ్లను చూడలేదు. కొన్నాళ్లకు వెతకడం ఆపేశారు. ఇక్కడ ఫ్లోరెస్ చేసిన పని ఈ చరిత్రకు కేంద్రం. దట్టమైన చెట్ల కింద ఉన్నంతకాలం ఎవరికీ కనబడమని గ్రహించి, చేత్తో మంచు చెప్పులు చేసుకుని, చెట్లు లేని మైదానం వెతుక్కుంటూ వెళ్లాడు. ఆ తెల్లటి నేల మీద కాళ్లతో తొక్కి తొక్కి పెద్ద పెద్ద ఎస్.ఓ.ఎస్. అక్షరాలు వేశాడు. మార్చి చివరి వారంలో చక్ హామిల్టన్ అనే బుష్ పైలట్ అటుగా వెళ్తూ ఆ అక్షరాలు చూశాడు. 49 రోజుల తర్వాత ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. చలికి చచ్చుబడిన కాలివేళ్లను క్లాబెన్ కోల్పోయింది. ఆమె అనుభవం 1964లో ‘హే, ఐ యామ్ అలైవ్!’ పుస్తకంగా వచ్చింది. 1975లో దాన్ని టెలివిజన్ చిత్రంగా తీశారు.

తిండి లేకుండా అన్ని వారాలు ఎలా బతికారని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. నీరు, నిప్పు, విశ్రాంతి ఉంటే ఆరోగ్యవంతుడైన మనిషి ఒంట్లోని కొవ్వు మీద వారాల తరబడి నెట్టుకురాగలడు. ఇద్దరూ చిక్కిపోయారు. కానీ నిప్పుకు దగ్గరగా, నీటికి లోటు లేకుండా ఉన్నారు.

రాసి పెట్టిన రోజులు

నాలుగేళ్ల తర్వాత జరిగినదాన్ని చదవడం కష్టం. 1967 మార్చిలో ఆల్విన్ ఓయెన్, భార్య ఫిలిస్, ఆమె కూతురు, పదహారేళ్ల కార్లా కోర్బస్ ప్రయాణిస్తున్న సెస్నా విమానం ఉత్తర కాలిఫోర్నియాలోని ట్రినిటీ కొండల్లో పడిపోయింది. ముగ్గురూ బతికారు. సహాయం తెస్తానని ఓయెన్ మంచులోకి నడిచి వెళ్లాడు, మళ్లీ రాలేదు. తల్లీకూతుళ్లు విమానంలోనే ఎదురుచూశారు. కార్లా డైరీ రాసింది. ఆ రాతలు 54 రోజుల దాకా సాగాయి. ఆ శరదృతువులో వేటగాళ్ల కంట పడేదాకా ఆ విమానం ఎవరికీ కనబడలేదు. వాళ్లున్నది ఆర్కిటిక్ కాదు, జనం తిరిగే రోడ్లకు మరీ దూరమూ కాదు.

ఒక చిన్న రేడియో సంకేతం చాలేదన్న ఆవేదన అమెరికా చట్టసభకు చేరింది. కొలరాడో సెనేటర్ పీటర్ డొమినిక్ పట్టుదలతో 1970 డిసెంబరులో వచ్చిన చట్టంలో, చిన్న విమానాల్లో ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్ తప్పనిసరి అన్న నిబంధన చేరింది. దాన్ని క్లుప్తంగా ఇ.ఎల్.టి. అంటారు. దెబ్బ తగిలిన అదురుకు తనంతట తానే మేల్కొని, 121.5 మెగాహెర్ట్జ్ మీద మోగుతూ ఉండే పెట్టె అది. అమలు గడువు 1973 చివరి దాకా ఉంది. ఆ లోపే, 1972 అక్టోబరులో ఇద్దరు కాంగ్రెస్ సభ్యులు హేల్ బాగ్స్, నిక్ బెగిచ్ ప్రయాణిస్తున్న సెస్నా అలాస్కాలో మాయమైంది. 39 రోజులు వెతికినా ఆచూకీ లేదు, నేటికీ దొరకలేదు.

అదే ఏడాది నవంబరు 8న కెనడా వాయవ్య ప్రాంతంలో మార్టెన్ హార్ట్‌వెల్ నడుపుతున్న వైద్య సేవా విమానం గ్రేట్ బేర్ సరస్సు దాపున కొండను ఢీకొంది. నర్సు జూడీ హిల్ అక్కడికక్కడే చనిపోయింది. గర్భిణి అయిన ఒక ఇనుయిట్ స్త్రీ కొద్ది గంటల్లో కన్నుమూసింది. పైలట్ కాళ్లు విరిగి కదలలేడు. అపెండిసైటిస్ చికిత్సకు బయల్దేరిన పద్నాలుగేళ్ల డేవిడ్ పిసురాయక్ కూటూక్ అతని కోసం నిప్పు వేశాడు, గూడు కట్టాడు, తిండి వెతికాడు. మూడు వారాలకు పైగా అలా నిలబడి ఆ పిల్లవాడు చనిపోయాడు. హార్ట్‌వెల్ 31 రోజుల తర్వాత దొరికాడు. చనిపోయినవారి మాంసం తిని బతికానని ఆయన బయటపెట్టాడు. అప్పట్లో లోకమంతా ఆ ఒక్క మాటే పట్టుకుంది. కూటూక్ చేసిన సేవ అంతకన్నా ఎక్కువగా చెప్పుకోవలసినది. మరణానంతరం కెనడా ప్రభుత్వం ఆ బాలుడిని గౌరవించింది.

ఆకాశం నుంచి వినడం

తొలి ఇ.ఎల్.టి.లకు పెద్ద లోపం ఉండేది. వాటి కేక వినడానికి దగ్గర్లో ఏదో ఒక విమానం ఎగరాలి. దానికి పరిష్కారం ఉపగ్రహాల నుంచి వచ్చింది. కూత వేస్తూ రైలు మనల్ని దాటిపోయేటప్పుడు ఆ కూత స్థాయి మారినట్టే, వేగంగా దాటే ఉపగ్రహానికి నేల మీది రేడియో సంకేతపు పౌనఃపున్యం మారుతూ వినిపిస్తుంది. ఆ మార్పును లెక్కగడితే సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో తేలుతుంది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే సోవియట్ యూనియన్, అమెరికా, కెనడా, ఫ్రాన్స్ చేతులు కలిపి కాస్పాస్-సార్సాట్ వ్యవస్థను నిర్మించాయి. తొలి సోవియట్ ఉపగ్రహం 1982 జూన్ 30న కక్ష్యలోకి వెళ్లింది. ఆ సెప్టెంబరులోనే బ్రిటిష్ కొలంబియా కొండల్లో పడిన ఒక చిన్న విమానం సంకేతాన్ని అది పట్టింది. అందులోని ముగ్గురూ బతికారు. వాళ్లు వెళ్లింది, అంతకు ముందు తప్పిపోయిన మరో విమానాన్ని వెతకడానికి.

పాత 121.5 పెట్టెల కేకల్లో నూటికి తొంభైకి పైగా ఉత్తుత్తివే. అవి చెప్పే చోటు కూడా పది, ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ ఉండేది. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు వాటిని వినడం మానేశాయి. ఇప్పటి 406 మెగాహెర్ట్జ్ పెట్టె తన గుర్తింపు సంఖ్యను పంపుతుంది. జీపీఎస్ ఉంటే చోటును వంద మీటర్ల మేరకు చెబుతుంది. భారతదేశమూ ఈ వ్యవస్థలో భాగస్వామి. దేశంలోని నియంత్రణ కేంద్రం బెంగళూరులో ఉంది. 2016 సెప్టెంబరు 8న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఇన్‌శాట్-3డీఆర్ వాతావరణ ఉపగ్రహం ఆపదలో ఉన్నవారి సంకేతాలను అందుకునే పరికరాన్ని కూడా మోసుకెళ్లింది.

చట్టం చెప్పిన మూట

విమానంలో ఏమేం ఉండాలో అలాస్కా చట్టమే చెబుతుంది. ఒక్కొక్కరికి వారం రోజుల తిండి, గొడ్డలి, ప్రథమ చికిత్స పెట్టె, గాలం సామగ్రి, కత్తి, నిప్పు రాజేసే సాధనం, దోమల ముసుగు, సంకేతాలిచ్చే చిన్న సాధనాలు రెండు. అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 1 దాకా మంచు చెప్పుల జత, పరుపు సంచి, ఉన్ని దుప్పటి అదనం. ఒకప్పుడు తుపాకీ కూడా ఈ జాబితాలో ఉండేది, తర్వాత తీసేశారు. ఫ్లోరెస్, క్లాబెన్‌ల దగ్గర లేనివేవో ఈ మూట విప్పి చూస్తే తెలుస్తుంది.

ఇంత జరిగాక కూడా, 2025 మార్చి 23న అలాస్కాలోని టస్టుమెనా సరస్సు మంచు మీద ఒక పైపర్ విమానం కూలి నీళ్లలో సగం మునిగింది. అందులో లొకేటర్ పెట్టె లేదు. పైలట్, ఇద్దరు ఆడపిల్లలు తడిసిన బట్టలతో రెక్క మీదికెక్కి దాదాపు 12 గంటలు గడిపారు. విమానం రాలేదన్న ఫేస్‌బుక్ కబురు చూసి, మరునాడు పొద్దున్నే స్థానిక పైలట్లు తమ విమానాల్లో వెతకడానికి వెళ్లారు. వాళ్లలో టెరీ గాడ్స్ అనే ఆయనకు మంచు మీద శకలం కనబడింది. ఎవరూ మిగిలి ఉండరనుకుంటూనే కిందికి దిగి చూస్తే, రెక్క మీద ముగ్గురు మనుషులు. వాళ్లలో ఒకరు చెయ్యి ఊపుతున్నారు.