కాటిసీనులో జాషువా

గుంటూరు–గుంతకల్లు రైలుమార్గంలో వినుకొండ దాటితే కురిచేడు, దొనకొండ, ఆ తర్వాత మార్కాపురం రోడ్డు వస్తాయి. ఈ ఊళ్లకు గుర్రం జాషువా పొరుగూరి కవి. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ, ఇంట్లో క్రైస్తవం. అంటరానితనాన్ని చిన్ననాడే చవిచూసిన ఆయన బతుకుతెరువుకు బడిపంతులయ్యారు. కొంతకాలం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథా సంభాషణలు చదివి వినిపించారు. ఆపై గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలోనూ, తెలుగు పండితుడిగానూ ఏళ్ల తరబడి పాఠం చెప్పారు.

1941 నాటి ‘గబ్బిలం’లో ఆయన కాళిదాసు మేఘసందేశాన్ని తిరగేశారు. కబురు పంపేవాడు యక్షుడు కాదు, గుడి గడప తొక్కనివ్వని పేదవాడు. కాశీలోని శివుడికి తన గోడు చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గర్భగుడిలో వేలాడే ఆ ప్రాణిని ఏ పూజారీ కులం అడగడు. తెలుగులో ఇంత నొప్పించే ఊహ మరొకటి అరుదు.

అయితే పుస్తకం కొనలేని, చదవలేని జనానికి జాషువా చేరింది నాటకం వల్ల. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్ర’ను ఆడేటప్పుడు కాటిసీనులో జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు పాడటం నటులకు ఆనవాయితీ అయింది. కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన రాజు హరిశ్చంద్రుడు భుజాన కర్రతో, కంబళితో నిలుస్తాడు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. రాగం తీసి పద్యం ముగించేసరికి చాపల మీది జనం ‘వన్స్‌మోర్’ అంటారు. కవికీ, కూలికీ, రాజుకీ కాడు ఒకటేనని, అక్కడ అంటు ముట్టు చెల్లవని ఆ పద్యాల సారం. అంటు పాటించేవాళ్లూ, దాన్ని పడేవాళ్లూ ఒకే రాత్రి ఆ పద్యాలు విన్నారు. పలకలకు దేశమంతటా పేరుపడ్డ మార్కాపురం సీమలో పలక పట్టని పిల్లలు ఎందరో. వాళ్లకు ఆ పద్యాలు నోటికి రావడానికి చెవి చాలింది. అవి బలిజేపల్లివే అనుకుని పాడుకున్నవాళ్లూ తక్కువేమీ కాదు.

పండితలోకం ఆయన్ని మెచ్చడానికి చాలాకాలం పట్టింది. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కాలికి గండపెండేరం తొడిగిన సన్మానం అందులో ఎన్నదగింది. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడెమీ పురస్కారం, అదే ఏడు శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ దక్కాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.