మన అవ్వల పేర్లు



మొన్న జువ్వలదిన్నెలో మా పక్కింటి పిల్ల బడి నుంచి ఏడుస్తూ వచ్చింది. "నాకీ మస్తానమ్మ పేరొద్దు, మార్పించండి" అని ఒకటే గొడవ. తోటి పిల్లలు నవ్వారట. అది వాళ్ల అవ్వ పేరు. ఆ పేరెలా వచ్చిందో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. తప్పు పిల్లది కాదు, మనదే.

మన నెల్లూరు సీమలో కసుమూరు మస్తాన్ వలీ దర్గా ఉంది కదా! పిల్లలు లేనివాళ్లు మతం చూడకుండా అక్కడికి వెళ్లి మొక్కుకుంటారు. మొక్కు ఫలించి మగబిడ్డ పుడితే మస్తానయ్య, ఆడబిడ్డయితే మస్తానమ్మ. 'మస్తాన్' పారసీ మాట. దైవధ్యానంలో మైమరచినవాడని అర్థం. దానికి మన 'అమ్మ' చేరింది. రెండు మతాలు ఎంత సఖ్యంగా ఉన్నాయో ఆ ఒక్క పేరే చెబుతుంది.

ఇలాంటివే తక్కినవీ. పెంచలకోన నరసింహస్వామిని తలచుకుని పెంచలమ్మ, సూళ్లూరుపేట చెంగాళమ్మను తలచుకుని చెంగమ్మ, జొన్నవాడ అమ్మవారి పేర కామాక్షమ్మ. సముద్రాన్నే గంగమ్మ తల్లి అని మొక్కే మా పల్లెకారుల ఇళ్లలో గంగమ్మలకు కొదవలేదు.

ఇక పెంటమ్మ, కుప్పమ్మ అంటే నవ్వొస్తుంది. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, ఈసారి పుట్టినదాన్ని పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి తెచ్చుకునేవాళ్లు. ముద్దుపేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందని భయం! ఆ పేరు వెనక ఎన్ని చిన్న ప్రాణాలు పోయాయో, ఆ తల్లి ఎంత ఏడ్చిందో ఆలోచించండి. టీకాలు, ఆస్పత్రులు వచ్చాక ఆ పేర్లు తగ్గిపోయాయి. అవి పోయినందుకు మనం సంతోషించాలి గాని, ఆ పేరున్న ముసలమ్మను చూసి నవ్వకూడదు.

'అమ్మ' అనే తోక మోటు అనుకుంటున్నారా? కాకతి గణపతిదేవుడు తన కూతురికి తన పేరే పెట్టి గణపాంబ అన్నాడు. ఆ 'అంబ'కూ మన 'అమ్మ'కూ అర్థం ఒకటే. ఆయన మరో కూతురు రుద్రమదేవి 1262లో రాజ్యానికి వచ్చి, మగపేరుతో రుద్రదేవ మహారాజుగా శాసనాలు వేయించింది. ఏలే చేతికి ఆడపేరు నప్పదనుకున్న కాలం మరి!

పేర్లు తిరిగి రావడమూ ఉంది. ఇవాళ ముచ్చటపడి 'సిరి' అని పెట్టుకుంటున్నాం, కొత్త పేరనుకుంటున్నాం. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో నాగార్జునకొండ మహాచైత్యానికి దానమిచ్చిన ఇక్ష్వాకుల ఆడపడుచు పేరు చాంతిసిరి. సంస్కృతంలో 'శ్రీ' ప్రాకృతంలో 'సిరి' అయింది.

ఆ సాయంత్రం పక్కింటి పిల్లను కూర్చోబెట్టి ఈ సంగతులు చెప్పాను. "అయితే మా అవ్వ కోసం ఎవరు మొక్కుకున్నారు?" అని అడిగింది. వాళ్లమ్మకు తెలియదు. చెప్పగలిగిన అవ్వ ఇప్పుడు లేదు.

అందుకే అమ్మా, మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ రోజే అడగండి. పేరు మార్చుకోవాలనిపిస్తే మార్చుకోండి, తప్పులేదు. పాత పేరు కథను మాత్రం పోనివ్వకండి. పిల్లల నోటుపుస్తకంలో నాలుగు ముక్కలు రాసి ఉంచండి.