తెల్ల సంచి

ఇంకో రెండు కట్టెలు మంటల ఎయ్యి బిడ్డా, చెరువు గాలి కొడ్తుంది.

మా చిన్నప్పుడు మన శామీర్‌పేటల ఎవలు నీర్సపడ్డా ఒక్కటే మాట, "గ్లూకోజు ఎక్కియ్యుండ్రి." అప్పుడు గాజు సీసలు. దూలం మొలకు తలకిందులుగ ఏలాడదీసి, లోపలికి గాలి పోనీకి రబ్బరు బిరడకు ఇంకో సూది గుచ్చేటోళ్లు. బుడగలు పైకెక్కుతుంటే కండ్లార్పకుండ చూసేది మేము. ఖాళీ సీస గ్యాసునూనె పోసుకోనీకి అక్కరకొచ్చేది.

మా పెద్దన్నకు పేగు మెలివడ్డది. బండి మీద మేడ్చల్ టేషన్‌కు, ఆడికెళ్లి రైలుల సికింద్రాబాద్ తీస్కపోయినం. ఆపరేషన్ మంచిగనే అయ్యింది. కుళ్లిన పేగు తీసేసి, నోట్లె చుక్క పొయ్యొద్దన్నరు. రోజుకు ఆరు సీసలు. మా అవ్వ ఆయన చెయ్యి ఇడువలే. ఇరవై దినాలకు ముంజేతి ఎండి కడెం మోచెయ్యి దాక జారింది. ఇరవై రెండో దినం పోయిండు. డాక్టర్ల తప్పేం లేదు. ఆ సీసల అన్నం లేదు, గంతే.

మా మనుమరాలు నర్సయినంక లెక్క చెప్పింది. అర లీటరు సీసల 25 గ్రాముల చక్కెర. ఆరెక్కినా పండుకున్న మనిషికి కావాల్సిన శక్తిల మూడో వంతు. మాంసకృత్తులు లేవు, కొవ్వు లేదు. ఇగ పానం తన కండనే కరిగించుకుంటది. చక్కెర చిక్కగ చేసి ఎక్కియ్యరాదా అనడిగిన. చేతి నరం వాస్తదట. అందుకే అమెరికాల స్టాన్లీ డుడ్రిక్ అనే డాక్టరు గుండె దగ్గరి పెద్ద నరంల సన్నగొట్టం పెట్టిండు. ఆడ నెత్తురు జోరుగ పారుతది, చిక్కటిది ఎంటనే కలుస్తది. మొదలు కుక్కపిల్లలను గట్ల సాదితే నోటితోని తినకుండనే పెరిగినయి. 1968ల ఆ సంగతి అచ్చయ్యింది. అంతకు ముందే స్వీడన్ల వ్రెట్లిండ్ అనే ఆయన సోయానూనెను గుడ్డు సొన సత్తువతోని కలిపి నరానికెక్కేటట్టు చేసిండు. ఇప్పుడు నరానికెక్కించే తిండి సంచి పాల లెక్క తెల్లగుండేది అందుకే.

మా అన్న పోయింది 1971ల. అప్పటికి మూడేండ్లాయె. మా దాక రాలే.

మొన్న మన వాడకట్టు కోడలికి గదే పేగు రోగం. మూడు వారాలు తెల్ల సంచే. గొట్టం కాడ చీము పట్టకుండ చూసుడు, పొద్దుమాపు చక్కెర పరీక్ష చేసుడు. ఇంటికొచ్చిన నాడు జొన్నగటక అడిగి తాగింది. నేను ఆమె ముంజేతి గాజులే చూసిన.

పేగు పనిచేసేటోళ్లకు ఆ సంచి వద్దంటరు డాక్టర్లు. మీరు గటక మింగ చాతనైనన్ని దినాలు బలానికని గ్లూకోజు ఎక్కియ్యమని అడుగకుండ్రి. ఆ పైసలతోని గుడ్లు తెచ్చుకోండ్రి.