ఎర్ర దస్తర్‌ఖాన్ కర్జా

పారసీక మినియేచర్ తస్వీర్ల మీద పాశ్చాత్య పండితులు చాలాకాలం ఒక ఇల్జామ్ వేశారు. వీటిలో లోతు లేదట, నీడ లేదట, అంతా చదునట. నేల మీది ఖాలీన్‌ను పైనుంచి, దాని మీది సురాహీని పక్కనుంచి చూసినట్టు గీస్తారట. అదే పని పారిస్‌లో జరిగితే మాత్రం దాని పేరు ఇంకిలాబ్ అయింది.

హెన్రీ మతీస్ 1908లో వేసిన ‘హార్మొనీ ఇన్ రెడ్’ చూడండి. రష్యన్ వ్యాపారి షుకిన్ తన భోజనాల గది కోసం దాన్ని నీలం రంగులో అడిగాడు. మతీస్ నీలంగానే వేసి, తర్వాత దాని మీద ఎరుపు పూశాడు. బల్ల మీది గుడ్డా ఎరుపే, వెనక గోడా ఎరుపే. రెండింటి మీదా ఒకే నీలం బేల్‌బూటా. బల్ల ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో చెప్పేది ఒక్క సన్నని గీత.

ఈ హునర్ ఎక్కడిది? 1906లో మతీస్ అల్జీరియా వెళ్లాడు. ఆ దేశం 1830 నుంచీ ఫ్రాన్స్ కబ్జాలో నలుగుతోంది. అక్కడి బిస్క్రా నుంచి ఖాలీన్లు తెచ్చుకున్నాడు. అదే ఏడు ఎరుపు, నలుపు ఖాలీన్ మీద గిన్నెలూ పళ్లూ పెట్టి తస్వీర్ వేశాడు. 1910లో మ్యూనిక్‌లో ఇస్లామీ కళల నుమాయిష్ జరిగితే ప్రత్యేకంగా వెళ్లి చూశాడు. తనకు దారి చూపింది తూర్పు దేశాలేనని 1947లో తానే రాశాడు.

సెజాన్, గోగాఁ, జపాన్ అచ్చు బొమ్మలు కూడా ఆయనకు ఉస్తాదులే. అంతా మనదేనంటే అదీ బేఇన్సాఫీయే.

కానీ ఆ ఎర్ర తస్వీర్‌లోని గుడ్డ కథ కూడా వినాలి. అది మతీస్ దగ్గర నిజంగా ఉన్నదే, నీలం పూలు అచ్చువేసిన ఫ్రెంచ్ నూలు గుడ్డ. ఫ్రాన్స్‌లో ఆ అద్దకం మొదలైందే మచిలీపట్నం లాంటి మన రేవుల నుంచి వెళ్లిన అద్దకం గుడ్డలను నకలు చేసి. వాటి గిరాకీకి అక్కడి నేత వ్యాపారం తట్టుకోలేకపోయింది. దాంతో 1686లో సర్కారు వాటినీ, వాటి నకళ్లనూ నిషేధించింది. ఆ బందీ 1759 దాకా నడిచింది.

దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని తిన్నవాళ్లకు ఈ చదును కొత్తేమీ కాదు. గుడ్డంతా నక్షాలా కళ్లముందు పరుచుకుని ఉంటుంది, గిన్నెలు మాత్రం పక్కనుంచి కనిపిస్తాయి. అది చూపు తెలియకపోవడం కాదు, ఇంకోరకం చూపు.

ఇందువల్ల మతీస్ గొప్పతనం తగ్గదు. తన కర్జా ఆయన ఒప్పుకునే పోయాడు. ఆయన తారీఖ్ రాసేవాళ్లే ఆ పద్దును చివరి పేజీలోకి నెట్టేస్తున్నారు.