మాయమైన ఇంగ్లీషువారు

జనాభా లెక్కల పట్టికలు చదవడం నాకొక వ్యసనం. నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. వాటిలో నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది అమెరికాలోని ఇంగ్లీషు సంతతి లెక్క. 1980లో తమ వంశమూలం ఇంగ్లీషు అని రాసుకున్నవారు 4.96 కోట్లు. 1990 నాటికి 3.27 కోట్లు, 2000 నాటికి 2.45 కోట్లు. యుద్ధమూ లేదు, క్షామమూ లేదు. ఇరవై ఏళ్ళలో సగం మంది ఏమైపోయినట్లు?

ఎక్కడికీ పోలేదు. 1980 పత్రంలో ప్రశ్న కింద ఉదాహరణకు అచ్చువేసిన పేర్లలో 'ఇంగ్లీషు' ఉంది. 1990లో దాన్ని తీసేసి 'జర్మన్'ను మొదట పెట్టారు. గుర్తుచేసే మాట లేకపోయేసరికి చాలామంది మరచిపోయారు. 2020లో ప్రశ్న తీరు మార్చి, ఆ పేరును మళ్ళీ చేర్చగానే తెల్లవారిలో 4.66 కోట్ల మంది ఇంగ్లీషువారుగా తేలి, జర్మన్లను దాటిపోయారు!

అయితే ఈ మరపు అన్ని ప్రాంతాలలోనూ ఒకే తీరుగా లేదు. 2000 లెక్కల్లో ఇంగ్లీషు సంతతి శాతం అత్యధికంగా కనిపించినది తూర్పు తీరాన కాదు, ఎక్కడో పడమటి ఎడారిలోని యూటాలో: దాదాపు 29. మోర్మన్ ప్రచారకులు 1837లో ఇంగ్లాండులోని ప్రెస్టన్‌లో దిగారు. వారి మాట విన్న వేలాదిమంది తరువాతి దశాబ్దాలలో ఓడలెక్కి వచ్చారు. అదొక్కటే కారణం కాదని నా అనుకోలు. మోర్మన్లు చనిపోయిన పూర్వీకుల పేరిట బాప్తిస్మం జరుపుతారు. అందుకోసం వంశవృక్షాలు తవ్వి తీస్తారు. తర్పణం వదలడానికి మూడు తరాల పేర్లు గుర్తుపెట్టుకునే మనకు ఇది వింతేమీ కాదు లెండి.

కెంటకీ, టెన్నెసీ కొండలలో కథ వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో వర్జీనియా వైపునుంచి కనుమలు దాటి వచ్చినవారి మునిమనుమలు అక్కడెందరో. వారిలో చాలామంది ఆ గడిలో 'అమెరికన్' అని రాశారు. దేశం మొత్తంమీద 2000లో అలా రాసినవారు రెండు కోట్ల పైచిలుకు. రెండు వందల ఏళ్ళుగా ఒకే కొండను నమ్ముకున్నవాడు అలా రాస్తే తప్పు పట్టలేను.

కాని అదే వర్జీనియానుంచి, అవే కనుమల గుండా, బానిసలుగా వచ్చిన నల్లవారి సంతతి కూడా కెంటకీలో ఉంది. చాలామంది ఇంటిపేర్లు ఇంగ్లీషువే. పలువురి పూర్వీకులలో ఇంగ్లీషు యజమానులూ ఉన్నారు. 2020లో తేలిన ఆ 4.66 కోట్ల లెక్క మాత్రం తెల్లవారి గడి కింద రాసినది.