వైద్యవిద్యలో గ్రామసేవ

రోగము పుట్టునది ఇంటియందు. వైద్యుడు దానిని చూచునది ఆసుపత్రియందు. ఈ రెంటి నడుమనున్న దూరమును విద్యార్థిదశలోనే నడచి తెలిసికొనవలెనను భావము మన దేశమున నిన్నమొన్నటిది కాదు. దేశ ఆరోగ్యస్థితిని పరిశీలించుటకు 1943లో నియమింపబడి 1946లో నివేదిక సమర్పించిన భోర్ సంఘము, మందిచ్చుటతో తృప్తినొందక రోగకారణమైన సంఘస్థితిని గూడ గుర్తెరిగిన సామాజిక వైద్యుడు మనకు కావలెనని చెప్పి, అందులకై విద్యార్థులకు మూడు నెలలపాటు నివారక, సామాజిక వైద్యములందు శిక్షణ నొసంగవలెనని సూచించినది.

ఆ సూచన పెక్కుచోట్ల పాఠ్యగ్రంథమున నొక అధ్యాయముగ నిలిచిపోగా, వార్ధా చెంతనున్న సేవాగ్రామమున ఆచారమైనది. గాంధీజీ శతజయంతి వత్సరమగు 1969లో, ఆయనకు వైద్యసేవ చేసిన డాక్టరు సుశీలా నయ్యరు అచ్చట మహాత్మాగాంధీ వైద్యవిజ్ఞాన సంస్థను నెలకొల్పిరి. క్రొత్తగా చేరిన విద్యార్థులు మొదట ఆశ్రమమున వసించి ప్రార్థన, శ్రమదానము, ఖద్దరుధారణము అలవరచుకొందురు. పిమ్మట ప్రతి తరగతియు ఒక్కొక్క గ్రామమును దత్తత గొని, అచ్చటనే కొన్నాళ్లు మకాముండును. తమకప్పగించిన ఇండ్లకేగి, ఇంటిల్లిపాది వయస్సు, తిండి, త్రాగునీరు, పొయ్యిపొగ విచారించి వ్రాసికొని, పిల్లల తూకము చూచి, తరువాతను అదే గడపకు మరలమరల పోవుదురు. బాలింతలకు రక్తము తక్కువగుటను గ్రంథమున చదివినవాడు, ఇంటిలో అందరును భుజించిన పిదప మిగిలినదే ఆమె కంచమునకు వచ్చుట చూచిననాడు, మందుచీటి వ్రాయుటకు ముందు ఆమె భోజనమును గూర్చి అడుగనేర్చును.

వైద్యవిద్యను పరిశీలించిన శ్రీవాస్తవ సంఘము 1975లో చేసిన సూచనల ననుసరించి, 1977లో ప్రభుత్వము ప్రతి వైద్యకళాశాలకును విద్యార్థుల గ్రామశిక్షణకై మూడేసి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములను అప్పగించు పథకమును చేపట్టినది. కాని ఆచార్యులు ఆసుపత్రి వీడి రాని తావులందు గ్రామము విద్యార్థులకు విహారస్థలముగనే మిగిలినది. 2022లో జాతీయ వైద్య కమిషన్, ఒక్కొక్క విద్యార్థికి కొన్ని కుటుంబముల నప్పగించు కుటుంబదత్తతను దేశమందలి వైద్యవిద్యార్థులందరి పాఠ్యక్రమమున చేర్చుటచే, ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ విద్యార్థులును అట్టి గడపలెక్కుచున్నారు.

ఆ కుటుంబములు పరీక్షకు వలసిన రికార్డు పుస్తకము నింపుకొనుటకు సామగ్రి కావు. ఇంటివారు చెప్పిన బాధకు వైద్యము జరుగు వరకు విద్యార్థి బాధ్యత తీరదు. ఈ సంగతిని మాటలతో గాక నడతతో నేర్పుటకు, ఆచార్యులారా, మీరును వారి వెంట ఆ వీధులకు రండు.