భయపడే మనిషి ఎక్కడ? హారర్ చిత్రాల్లో పాత్రసంగమం: ఒక చారిత్రక పరిశీలన

ఒక కథకు చెందిన పాత్ర తన లోకాన్నీ, తన నియమాలనూ వెంటబెట్టుకొని మరొక కథలోకి ప్రవేశించడాన్ని సినిమా పరిభాషలో క్రాస్ఓవర్ అంటారు. ఈ వ్యాసంలో దానిని పాత్రసంగమం అని వ్యవహరిస్తాను. 2012లో ‘ది అవెంజర్స్’ సాధించిన విజయం తరువాత ఈ పద్ధతి సూపర్ హీరో చిత్రాల సొత్తు అన్న భావన బలపడింది. తెలుగులో 2024 నాటి ‘హనుమాన్’ వంటి చిత్రాలను చర్చించేటప్పుడు కూడా ఆ నమూనానే కొలబద్దగా తీసుకోవడం కనిపిస్తుంది. అయితే వెండితెరపై పాత్రసంగమాన్ని నిలబెట్టినవి సూపర్ హీరో చిత్రాలు కావు, హారర్ చిత్రాలు. ఆ క్రమంలో అవి దేనిని కోల్పోయాయి? ఆ నష్టం అనివార్యమేనా? ఈ రెండు ప్రశ్నలే ఇక్కడ పరిశీలనాంశాలు.

భయానకరసానికి భయం స్థాయీభావం. వికృతధ్వనులు, శూన్యగృహాలు, అరణ్యాలు, నక్కల గుడ్లగూబల కూతలు దానికి విభావాలని భరతుడు చెప్పాడు. హారర్ చిత్రాల మీద వచ్చే రచనల్లో దృష్టి ఎక్కువగా ఈ విభావాల మీదనే, అంటే భయపెట్టేదాని మీదనే నిలుస్తుంది. ఆలంబనం రెండు విధాలని మన విమర్శకులు చెప్పే మాట ఇక్కడ గుర్తు చేసుకోవాలి. భయపెట్టేది విషయాలంబనం, భయపడేది ఆశ్రయాలంబనం. 1931లో జేమ్స్ వేల్ తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో సరస్సు ఒడ్డున ఆడుకుంటున్న పసిపాప వికృతజీవి చేతిలో మరణిస్తుంది. ఆమె శవాన్ని చేతుల్లో మోసుకొని, ఉత్సవంలో ఉన్న ఊరి నడుమ నుండి తండ్రి నడిచివస్తాడు. అతడు నడిచే కొద్దీ చుట్టూ ఉన్న సంబరం ఆగిపోతుంది. ఆ దృశ్యంలో వికృతజీవి తెర మీద లేదు. అయినా చిత్రం మొత్తంలో అంత భయం మరెక్కడా కలగదు. ఆశ్రయం బలంగా ఉన్నప్పుడు విషయం కంటికి కనిపించనవసరం లేదు.

1938లో యూనివర్సల్ సంస్థ పాత ‘డ్రాకులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చిత్రాలను జంటగా మళ్ళీ ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు విరగబడి చూశారు. రెండు భయాలను ఒకే టిక్కెట్టు మీద చూపవచ్చునని ఆ అనుభవం నేర్పింది. రెండింటినీ ఒకే కథలో ఇమడ్చడం 1943లో రాయ్ విలియమ్ నీల్ దర్శకత్వంలో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్ మీట్స్ ది వుల్ఫ్ మ్యాన్’తో సాధ్యమైంది. రచయిత కర్ట్ సియోడ్మాక్. 1941 చిత్రంలో కన్నతండ్రి వెండిపిడి చేతికర్ర దెబ్బకు మరణించిన తోడేలు మనిషి లారీ టాల్బట్, పున్నమినాడు దొంగలు తన సమాధిని తెరవడంతో మళ్ళీ లేస్తాడు. అతడికి కావలసింది ప్రతీకారం కాదు, చావు. చావడానికి మార్గం వెతుక్కుంటూ ఫ్రాంకెన్‌స్టైన్ కోటకు చేరుకుంటాడు.

ఈ చిత్రంలో ఒక సన్నివేశం పాత్రసంగమం పూర్వకథను మోసుకువస్తుందని నిరూపిస్తుంది. కొత్త ద్రాక్షసారా పండుగలో గాయకుడు వరుసగా అందరికీ దీర్ఘాయువు కోరుతూ పాడుతుంటాడు. టాల్బట్ వంతు వచ్చేసరికి అతడు తనకు ఆ ఆయుష్షు వద్దని విరుచుకుపడతాడు. ఆ ఊరివాళ్ళకు అది ఒక తాగుబోతు గొడవ. మొదటి చిత్రం చూసిన ప్రేక్షకుడికి మాత్రం గుండె కలుక్కుమంటుంది. ఇక్కడ కలిగేది భయం కాదు, కరుణ. టాల్బట్ గురించి మనకు అంత తెలుసు కనుకనే అతడంటే భయపడలేము.

బేలా లుగోసీ ధరించిన వికృతజీవి విషయంలో దీనికి విపర్యయం జరిగింది. 1942 చిత్రం చివర ఆ జీవి తలలో ఈగోర్ మెదడును అమర్చుతారు. అది మాట్లాడుతుంది, చూపు కోల్పోతుంది. 1943 చిత్రంలోనూ దానికి సంభాషణలు చిత్రీకరించారు. విడుదలకు ముందు వాటిని తొలగించారు. వాటితో పాటే దాని అంధత్వాన్ని ప్రస్తావించే మాటలూ పోయాయి. తెర మీద మిగిలింది చేతులు ముందుకు చాచి తడబడుతూ నడిచే ఆకారం. ఎందుకు అలా నడుస్తున్నదో చెప్పేవారు లేరు. కారణం తెగిపోయిన ఆ నడకే తరువాత లోకమంతటా ఫ్రాంకెన్‌స్టైన్ నడకగా స్థిరపడింది. పిల్లలు వేషాల్లో అనుకరించేది దానినే. పాత్రసంగమంలో ఒక పాత్ర తన చరిత్రను నిలుపుకొంటే మరొక పాత్ర కేవలం ముద్రగా మిగిలిపోవచ్చునని ఈ జంట చూపుతుంది.

అన్నింటికంటె ముఖ్యమైన పాత్ర వైద్యుడు మానరింగ్‌ది. వికృతజీవి శక్తిని హరించి నాశనం చేయడానికి పూనుకున్నవాడు అతడు. తీరా యంత్రం ముందు నిలిచేసరికి, ఆ జీవిని పూర్తి శక్తితో ఒక్కసారి చూడాలన్న కోరికను అణచుకోలేకపోతాడు. మీటను తిరగేస్తాడు. జీవి లేస్తుంది, తోడేలు మనిషితో తలపడుతుంది. ఊరివాడొకడు ఆనకట్టను పేల్చివేయగా కోట వరదలో కూలిపోతుంది. మానరింగ్ చేసిన పనిలో శాస్త్రజ్ఞుడి తర్కం లేదు. అది టిక్కెట్టు కొని వచ్చిన అభిమాని కోరిక. ఈ చిత్రాలను మొదట నేనూ అభిమానిగానే చూశాను కనుక ఆ మీట మీద నా చేయి కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. 1931లో శవాన్ని మోసుకొచ్చిన తండ్రి నిలిచిన కేంద్రస్థానంలో 1943 నాటికి చూడాలని తహతహలాడే మనిషి నిలిచాడు. హారర్ పాత్రసంగమం చరిత్రలో నిజమైన మలుపు ఇదేనని నా ప్రతిపాదన. వికృతజీవి కోరలు పోవడం వల్ల భయం పోలేదు. దాని ఎదుట నిలిచి భయపడేవాడు పక్కకు తప్పుకోవడం వల్ల పోయింది.

తరువాత వచ్చిన ‘హౌస్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1944), ‘హౌస్ ఆఫ్ డ్రాకులా’ (1945) పాత్రల సంఖ్యను పెంచాయే తప్ప ఈ సూత్రాన్ని మార్చలేదు. మొదటిదానిలో డ్రాకులా సగం కథలోనే అంతరించిపోతాడు. 1948లో హాస్యనటుల జంట అబ్బాట్, కోస్టెల్లో ఈ లోకంలో అడుగుపెట్టడంతో చక్రం పూర్తయింది. ఆ చిత్రంలో నిజంగా భయపడేవాడు కోస్టెల్లో ఒక్కడే. అతడి భయమే నవ్వుకు మూలం. ఆశ్రయం విదూషకుడి పాలైనప్పుడు భయానకం హాస్యమవుతుంది. అదే చిత్రంలో టాల్బట్ డ్రాకులా పన్నాగం గురించి ముందుగా హెచ్చరిస్తాడు, చివరికి గబ్బిలమైన డ్రాకులాను ఒడిసిపట్టి దానితో పాటు సముద్రంలోకి దూకుతాడు. పున్నమినాడు తన వశంలో తాను లేని తోడేలు మనిషి పదిమందిని కాపాడే వీరుడయ్యాడు. తరువాతి సూపర్ హీరోలలో కనిపించే శాపగ్రస్త వీరుడి స్వరూపం అప్పటికే ఇక్కడ ఉంది.

జపానులో ఈ పరిణామం మరింత వేగంగా సాగింది. 1954 మార్చిలో బికినీ దీవుల హైడ్రోజన్ బాంబు పరీక్ష ధూళి ఒక జపాను చేపల పడవ మీద పడింది. అదే ఏడాది ఇషిరో హోండా తీసిన ‘గాడ్జిల్లా’లో ఆ జ్ఞాపకం పచ్చిగా ఉంది. క్షతగాత్రులతో నిండిన ఆసుపత్రి దానికి ఆశ్రయం. అదే దర్శకుడు 1962లో తీసిన ‘కింగ్ కాంగ్ వర్సెస్ గాడ్జిల్లా’లో కథను నడిపేది ఒక మందుల కంపెనీ ప్రచారాధికారి. తాము ప్రాయోజకులుగా ఉన్న టెలివిజన్ కార్యక్రమానికి ఆదరణ పెంచడానికి అతడికి ఒక వింతజంతువు కావాలి. మానరింగ్ ఇక్కడ వ్యాపారిగా పునర్జన్మ ఎత్తాడు. హోండా అతడిని చూసి నవ్వుతున్నాడన్నది వేరే మాట. జపాను ప్రతిలో గాడ్జిల్లా, అమెరికా ప్రతిలో కాంగ్ గెలుస్తారన్న ప్రచారం అభిమానులలో చాలాకాలం సాగింది. అది నిజం కాదు. రెండింటిలోనూ ఇద్దరూ సముద్రంలో పడతారు, కాంగ్ ఈదుకుంటూ వెళ్ళిపోతాడు. తేడా చివరి ధ్వనిలో ఉంది. జపాను ప్రతిలో ఇద్దరి గర్జనలూ వినిపిస్తాయి, అమెరికా ప్రతిలో కాంగ్ గర్జన మాత్రమే మిగిలింది. రెండేళ్ళ తరువాత, 1964లో, మూడు తలల ఘిడోరాకు వ్యతిరేకంగా మోత్రా, రోడాన్‌లతో గాడ్జిల్లా చేతులు కలిపాడు. పదేళ్ళలో అణుభయం దేశరక్షకుడైంది.

గెలుపెవరిది అన్న ప్రశ్న తెలుగు ప్రేక్షకుడికి కొత్తది కాదు. కాంగ్, గాడ్జిల్లాల పోరు వచ్చిన కొద్ది నెలలకే, 1963 జనవరిలో, కె.వి.రెడ్డి ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ విడుదలైంది. కృష్ణుడిగా ఎన్.టి.రామారావు, అర్జునుడిగా అక్కినేని నాగేశ్వరరావు. తలపడినవి రెండు పాత్రలే కాదు, రెండు అభిమానవర్గాలు కూడా. దీని వెనుక పందొమ్మిదో శతాబ్ది చివర చిలకమర్తి లక్ష్మీనరసింహం రచించిన ‘గయోపాఖ్యానం’ నాటకం ఉంది. వ్యాసభారతంలో ఈ యుద్ధం లేదు. ప్రేక్షకులు ఎరిగిన ఇద్దరు వీరులను ఎదురెదురుగా నిలపాలన్న కోరిక నుండి పుట్టిన కల్పన ఇది. ఆ మేరకు పాత్రసంగమమే. ఇద్దరూ ఒకే ఇతిహాసానికి చెందినవారు కదా అన్న ఆక్షేపణ సమంజసమే. అయినా ప్రతి పాత్ర తన ప్రతిజ్ఞనూ, తన మర్యాదనూ వెంట తెచ్చుకొని రెండవదానితో ఢీకొనడమన్న నిర్మాణం ఇక్కడా అదే. హాలీవుడ్‌కూ దీనికీ జన్యసంబంధం ఉన్నదని నేను చెప్పడం లేదు. నిర్మాణసామ్యమే నేను చూపుతున్నది.

భేదం కూడా అంతే ముఖ్యం. ఆకాశమార్గాన పోతున్న గయుడు ఉమ్మిన తాంబూలం అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట పడుతుంది. కృష్ణుడు అతడిని చంపుతానని ప్రతిజ్ఞ చేస్తాడు. వణికిపోతూ వచ్చిన గయుడికి, శత్రువెవరో తెలియక ముందే అర్జునుడు అభయమిస్తాడు. కథ మొత్తం ఈ ఒక్క మాట మీద నిలిచింది. ఇద్దరు మహావీరులు తలపడటానికి కారణం ఒక భయపడిన ప్రాణి. యుద్ధం దేవతల జోక్యంతో ఆగుతుంది, గెలుపోటములు తేలవు. గయుడు మాత్రం బతుకుతాడు. ‘శ్రీరామాంజనేయ యుద్ధం’ (1975)లో శరణు కోరిన యయాతి స్థానం కూడా ఇదే. పాత్రసంగమంలో భయపడే మనిషి తప్పుకోక తప్పదన్న సూత్రానికి ఈ కథలు ప్రతివాదం. భయానకరసం ఇక్కడ అంగిరసం కాదు, నిజమే. కాని భయం కథకు మూలకందం.

అమెరికాలో హారర్, సూపర్ హీరో ధోరణులు కలవడానికి ఒక నిషేధం అడ్డుగా నిలిచింది. 1954 నాటి కామిక్స్ కోడ్ రక్తపిశాచాలనూ, తోడేలు మనుషులనూ బొమ్మలకథల నుండి వెలివేసింది. 1971లో సడలింపు రాగానే అవి సూపర్ హీరోల సరసన చేరాయి. 1973లో ‘టూంబ్ ఆఫ్ డ్రాకులా’ అన్న హారర్ పత్రికలో పుట్టిన బ్లేడ్, 1998లో సినిమా అయ్యాడు. మార్వెల్ చిత్రాల విజయయాత్ర ‘ఎక్స్ మెన్’తో మొదలైందనేవారు దానికి రెండేళ్ళ ముందే వచ్చిన ఈ రక్తపిశాచ వేటగాడిని మరచిపోతారు.

2003లో వచ్చిన ‘ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్’ను విమర్శకులు తేలికగా తీసుకున్నారు. నా దృష్టిలో పాత్రసంగమం తన లోపాన్ని తాను గుర్తించిన చిత్రమది. జనం తనను మరచిపోయారు కనుక ఫ్రెడ్డీకి బలం లేదు. వారి భయమే అతడి ఆహారం. మళ్ళీ భయం పుట్టించడానికి జేసన్‌ను అతడే లేపి పంపుతాడు. ఆశ్రయం లేని విషయాలంబనం ఏమవుతుందో ఆలంకారికులు రాయలేదు గాని ఈ చిత్రం చెప్పింది. చివరికి జేసన్ చేతిలోని ఫ్రెడ్డీ తల మనవైపు చూసి కన్నుగీటుతుంది. భయం గురించి అంత తెలిసిన చిత్రం కూడా ముగింపులో అభిమానికే లొంగిపోయింది.

ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ను ఈ వరుసలో చదివినప్పుడు ప్రతినాయకుడు మైఖేల్ ప్రత్యేకంగా కనిపిస్తాడు. చిన్ననాటి నుండి సూపర్ హీరో కావాలని కలలు కన్న అభిమాని అతడు. అందుకు అడ్డనుకొని కన్నవారినే చంపుకున్నవాడు. మీట తిరగేసిన మానరింగ్ ఇక్కడ నేరుగా ప్రతినాయకుడయ్యాడు. అతడికి ఎదురుగా అంజనాద్రి గ్రామం ఉంది. మొదట పాలెగాడి దౌర్జన్యానికీ, తరువాత మైఖేల్ యంత్రశక్తికీ బెదిరే జనం ఉన్నారు. హనుమంతు శక్తికి సార్థకత వాళ్ళ భయం వల్లనే కలిగింది. ఇదే దర్శకుడు అంతకుముందు ‘జాంబీ రెడ్డి’ (2021)లో రాయలసీమ ఫాక్షన్ కక్షల నడుమ జాంబీలను ప్రవేశపెట్టాడు. కత్తులతో తిరిగే ఊళ్ళో శవాలు లేచి నడిస్తే ఎవరు ఎవరికి భయపడాలన్న చిక్కు అక్కడ చాలావరకు హాస్యంగానే తేలిపోయింది. ‘హనుమాన్’ను ఆయన పలు చిత్రాల ఉమ్మడి కథాలోకానికి మొదటి మెట్టుగా ప్రకటించాడు. ఆ వీరులంతా ఒకే చట్రంలోకి వచ్చిన రోజున అంజనాద్రి జనానికీ, వాళ్ళలో శరణు కోరే ఒక గయుడికీ ఎంత చోటు మిగులుతుందో ఆ చిత్రాలలోనే వెతకవలసి ఉంటుంది.